ఆంధ్రదేశ గ్రంథాలయ పాలకసంస్థల పుట్టుపూర్వోత్తరములు

ఆంధ్రదేశపు గ్రంథాలయోద్యమమును గూర్చి వ్రాసినవారు పెక్కురు గలరు. సంస్థాపకుల త్యాగము, మహాసభల వైభవము, కాలువలలోఁ బడవలపైఁ దిరిగిన పుస్తకముల కథ వారి వ్రాఁతలలో విస్తారముగా వర్ణింపఁబడినవి. కాని యా గ్రంథాలయములను నడపిన సంఘములకుఁ గల యధికార మెట్టిది, వాని ధన మెక్కడినుండి వచ్చెను, దానిని వెచ్చించు హక్కు ఎవరిచేతిలో నుండెను అను విషయ మంతగా విచారింపఁబడినట్లు కానరాదు. గ్రంథాలయ పాలకవర్గమునకు నియమములను విధించుట, ఆయవ్యయములను నిర్ణయించుట, ప్రజలకొఱకుఁ గార్యక్రమములను జరుపుట యను మూఁడు పనులు గలవు. వీనిలో నడిమిదానిపైఁ బట్టు లేని పాలకవర్గము తక్కిన రెంటిని నెంతవఱకు నెఱవేర్పఁగలదో తెలిసికొనుటకు ఆంధ్రదేశచరిత్ర చక్కని యుదాహరణము.

1886లో విశాఖపట్టణమున సారస్వతనిలయము వెలసెను. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము స్థాపింపఁబడెను. కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావు, మునగాల ప్రభువు నాయని వేంకటరంగారావు, రావిచెట్టు రంగారావు గారలు దానికి మూలపురుషులు. రావిచెట్టు వారి యింటనే యది మొదట నడచెను. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్రభాషానిలయమును, 1911లో బెజవాడయందు రామమోహన ధర్మపుస్తకభాండాగారమును వెలసినవి. ఇట్టి నిలయముల పాలనపద్ధతి యించుమించుగా నొక్కటియే. చందా నిచ్చువారు సభ్యులు. ఏఁటేఁట వారు కూడి లెక్కలు విని, కార్యదర్శిని, కార్యనిర్వాహకులను నెన్నుకొనుట యాచారము. ఏ పుస్తకము కొనవలయును, ఎన్నిదినములు పాఠకునియొద్ద నుండనీయవలయును, దీపము చమురునకెంత, అద్దెకెంత యనునవి యెల్ల నా కూటముననే తీర్మానింపఁబడుచుండెను. నియమములు విధించువారును, వానికి లోఁబడి చదువుకొనువారును నొక్కరే యగుటచే నీ పద్ధతియం దొక నిక్కమైన గుణము గలదు. చందా నీయలేనివానికిఁ బాలనమున మాట లేకుండుట దానిలోని లోపము. అంతకంటెఁ బెద్దలోపము, గ్రంథాలయమున కాధారమైన పోషకుఁడు గతించినప్పుడు గాని, కార్యదర్శికి బదిలీ యైనప్పుడు గాని బయటఁబడుచుండెను. పుస్తకముల పెట్టెలు నిలిచియుండఁగా సంఘము మాయమైన యూళ్లు ఆంధ్రదేశమున నెన్నియో కలవు.

1914 ఏప్రిలు 10వ తేదీన బెజవాడలో గ్రంథభాండాగారముల ప్రతినిధులు మహాసభగాఁ గూడిరి. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు దాని కధ్యక్షులు. ఆంధ్రదేశ గ్రంథభాండాగారసంఘ మప్పుడు పుట్టినది. అయ్యంకి వేంకటరమణయ్యగారు దానికి జీవగఱ్ఱ. ఈ సంఘమునకు నే గ్రంథాలయమునైన నాజ్ఞాపించు నధికారము లేదు. ఒక్క పైసనైన బలవంతముగా వసూలుచేయు హక్కు లేదు. దానికిఁ గలది ప్రచారము, సలహా, స్నేహము. 'గ్రంథాలయ సర్వస్వ'మను పత్రికచే నది పల్లెల సంఘములకు మార్గము చూపెను. గ్రంథాలయయాత్రలను నడపెను. పల్లెలలో రాత్రిపాఠశాలలు, హరికథలు, మాయాదీపపు బొమ్మలతోఁ గూడిన యుపన్యాసములు, పత్రికలను బైకి చదివి వినిపించుట మొదలగునవి గ్రంథాలయములకుఁ జేరిన పనులుగా నెంచఁబడెను. 1935లోఁ బాతూరి నాగభూషణముగారు పడవలో గ్రంథములను జేర్చి కాలువ వెంట గ్రామములకుఁ బంపిరి. పాలకవర్గముల మూఁడు పనులలోఁ గడపటిదగు ప్రజాకార్యక్రమము ఈ దేశమున మొదట నిట్లు పుట్టుట గమనింపఁదగినది. ధనమును శాసనమును లేకయే యది పుట్టెను. అందుచేతనే యే యూరి యుత్సాహమునుబట్టి యా యూరఁ బెరిగి, యుత్సాహము తగ్గినచోట వాడిపోయెను.

నిజాము రాష్ట్రమునందలి స్థితి మఱియు విషమము. అచట సభలు జరుపుటకు 53వ సంఖ్యగల గస్తీ యడ్డము. 1921లో మాడపాటి హనుమంతరావుగారు మొదలగువారు స్థాపించిన యాంధ్రజనసంఘము గ్రంథాలయముల వ్యాప్తిని తన ముఖ్యాశయములలో నొకటిగాఁ జేసికొనెను. అక్కడి తెలుఁగు గ్రంథాలయములు పుస్తకశాలలేకాక తెలుఁగువారు కలిసికొనుటకు దొరకిన కొలఁది చోట్లలో ముఖ్యమైనవి. అందుచే వాని కార్యవర్గములకు లెక్కలకంటె ననుమతుల చింత యెక్కువ.

ప్రభుత్వము ధనమిచ్చి గ్రంథాలయములను నడపుట భారతదేశమునఁ దొలుత బరోడాలోఁ గానవచ్చెను. శాయాజీరావు గాయక్వాడు మహారాజు 1910లో నమెరికానుండి విలియం బోర్డెన్ అను గ్రంథాలయశాస్త్రజ్ఞుని రప్పించి సంస్థానమంతటను గ్రంథాలయవ్యవస్థను నెలకొల్పెను. దాని ధననియమము చాల సులభమైనది: గ్రామస్థులు మూఁడవ వంతు పోగుచేసినచో స్థానికమండలి మూఁడవ వంతును, ప్రభుత్వము మూఁడవ వంతును నిచ్చును. ప్రజలు ముందడుగు వేయక ధనము కదలదు. ఆ యూరివా రిచ్చిన సొమ్ము అందుఁ గలదు గావున వారి మాటకును అందుఁ జోటు గలదు. ఈ బరోడా పద్ధతి యాంధ్రులకుఁ దెలియనిది కాదు. 1919 నవంబరు 14వ తేదీన మదరాసులో నాంధ్రుల పూనికచే జరిగిన యఖిలభారత గ్రంథాలయమహాసభకు బరోడా గ్రంథాలయశాఖ కధిపతియగు కుడాల్కరుగారే యధ్యక్షులు. అయినను సంస్థానాధీశుని సంకల్పముచే జరిగిన దానిని బ్రిటిషు జిల్లాలలో జరపుటకు శాసనము కావలసియుండెను.

శాసనమార్గము చూపినవారు ఎస్. ఆర్. రంగనాథన్ గారు. మదరాసు విశ్వవిద్యాలయపు గ్రంథాలయాధిపతిగా నియుక్తులై 1924లో లండనునకుఁ బోయి యచటి నగరగ్రంథాలయముల తీరును జూచి వచ్చిరి. ఇంగ్లండునం దప్పటికే గ్రంథాలయచట్టమునకు డెబ్బదియేండ్లు దాఁటినవి. 1850 నాఁటి మొదటి చట్టము పౌనునకు నర్ధపెన్ని మాత్రమే పన్ను వేయనిచ్చి, దానితో భవనమును నిలుపవచ్చును గాని పుస్తకములు కొనరాదని విధించెను! పుస్తకములు దాత లిత్తురని శాసనకర్తల యూహ. 1855లోఁ బన్ను పెన్నికిఁ బెరిగి, పుస్తకములు కొను హక్కు వచ్చెను. ఆ పెన్ని హద్దు తొలఁగుటకు 1919 వఱకు పట్టెను. ఆ యఱువదినాలుగేండ్లలో నింగ్లండు పట్టణసంఘములు కట్టిన గ్రంథాలయభవనములు కొన్ని పుస్తకములకుఁ జాలినంత ధనము లేక బోసిగా నుండెనఁట. పాలకసంఘము ఎంత చతురమైనదైనను హద్దు శాసనము గీసినచోటనే నిలుచునని రంగనాథన్ గారు గ్రహించిరి. 1928లో మదరాసు గ్రంథాలయసంఘము స్థాపింపఁబడెను. 1930 డిసెంబరులోఁ గాశీయందు జరిగిన యఖిలాసియా విద్యామహాసభలో వారు తమ యాదర్శచట్టమును బ్రకటించిరి.

తరువాతి కథ వంగదేశమునఁ గొంత, మదరాసునఁ గొంత నడచినది. 1931లోఁ గుమార మునీంద్రదేవరాయి మహాశయులు వంగ శాసనసభలో బిల్లు తేఁబూనఁగాఁ బన్ను తప్పనిసరిగా విధించు నంశముండుటచే నందులకు గవర్నరు జనరలు ననుమతి దొరకలేదు. మదరాసున 1933లో బషీరహమ్మదు సయ్యదుగారు ప్రవేశపెట్టిన బిల్లును చట్టము కాలేదు. ఈ రెండు బిల్లులకును నడ్డుపడినది గ్రంథాలయమునెడ ద్వేషము కాదు. గ్రంథాలయము మంచిదని యనని ప్రభుత్వము లేదు. దానికై యింటింటఁ బన్ను వేయుటయే యెల్లరకు వెఱపు.

ఎట్టకేలకు 1948వ సంవత్సరపు 24వ చట్టముగా మదరాసు ప్రజాగ్రంథాలయచట్టము పుట్టి, 1950 ఏప్రిలు 1వ తేదీనుండి యమలులోనికి వచ్చెను. అవినాశిలింగము చెట్టియారుగారు విద్యామంత్రిగా నుండఁగా నిది సాఁగినది. భారతదేశమున నిదియే మొదటి గ్రంథాలయచట్టమని పలువురు వ్రాయుదురు. కొల్హాపురసంస్థానమున 1945లోనే యట్టి చట్ట మొకటి కలదు గావున స్వతంత్రభారతమున మొదటిదనుట యుచితము. కోస్తా జిల్లాలును రాయలసీమయు నప్పుడు మదరాసు రాష్ట్రములోనివే యగుటచే నాంధ్రుల గ్రంథాలయములు మొదటిసారిగా శాసనపుఁ గప్పుక్రిందికి వచ్చినవి.

ఈ చట్టము జిల్లాకొక స్థానిక గ్రంథాలయసంస్థను, మదరాసు నగరమునకుఁ బ్రత్యేకముగా నొకదానిని నేర్పఱచెను. సంస్థకు శాశ్వతానుక్రమమును, సామాన్యముద్రయు గలవు. అనఁగా సభ్యులు మాఱినను సంస్థ మాఱదు, తన పేరనే యాస్తిని సంపాదింపవచ్చును, వ్యాజ్యమాడవచ్చును. పోషకుఁడు గతించినఁ బుస్తకములు చెల్లాచెదరగు పూర్వపు దుఃస్థితికి నిది మందు. సభ్యులలోఁ గొందఱను ప్రభుత్వము నియమించును. కొందఱను జిల్లాబోర్డు, పురపాలకసంఘములు, పంచాయతులు ఎన్నుకొని పంపును. సంస్థ యేర్పడఁగనే జిల్లాలో గ్రంథాలయముల వ్యాప్తికిఁ దగిన ప్రణాళికను వ్రాసి డైరెక్టరున కంపవలయును. ఆయన సవరించియో, సవరింపకయో సమ్మతించిన పిదప దాని ననుసరింపవలయును. స్థలములు, భవనములు సమకూర్చుట, గ్రంథములు, పత్రికలు, పటములు, వ్రాఁతప్రతులు చేర్చుట, ఉద్యోగులను నియమించుట, దానముల నంగీకరించుట, ఉపన్యాసములు, తరగతులు జరుపుట సంస్థ యధికారములు. పాఠకులు గ్రంథాలయమును వాడుకొను తీరును నిబంధనలచే నిర్ణయించు హక్కును దానిదే. పుస్తకము పోయినను, చెడినను నష్టము రాకుండ ధరావతు తీసికొనవచ్చునని యా నిబంధనలలో నొకటి. ఇది యల్పవిషయమువలెఁ దోఁచును గాని, ధరావతెంత యన్న ప్రశ్నయే కూలివాని బిడ్డ పుస్తకము నింటికిఁ గొనిపోఁగలఁడా లేఁడా యన్నదానిని నిర్ణయించును. పాలకవర్గపు విధాననిర్ణయమనునది తఱచుగా నిట్టి చిన్న యంకెలలోనే దాఁగియుండును.

ఇఁక ధనము. ఆస్తిపన్ను లేదా యింటిపన్నులోఁ బ్రతి రూపాయికి మూఁడు పైలు గ్రంథాలయపు సెస్సుగా విధింపఁబడెను. రూపాయికి నూటతొంబదిరెండు పైలు. కావున నిది పన్నులో నఱువదినాల్గవ వంతు, వాడుకమాటలో నొక కానీ. ప్రభుత్వపు సమ్మతితో సంస్థ దీనిని బెంచవచ్చును. వసూలైన సెస్సునకుఁ దగ్గకుండ ప్రభుత్వము తనవంతుగా జిల్లాసంస్థకు ధనమీయవలయును. ఇది బరోడాలోని మూఁడువంతుల పద్ధతిని బోలియున్నట్లు కనఁబడును గాని యందుకు నిందుకు భేదము మెండు. బరోడాలోఁ బోగుచేయువారు గ్రంథాలయము కావలెనని కోరు గ్రామస్థులు. ఇక్కడ వసూలుచేయువారు పురపాలకసంఘమువారును, పంచాయతివారును, వెచ్చించువారు గ్రంథాలయసంస్థవారు. కోరువాఁడొకఁడు, కోయువాఁడొకఁడు, గాదెకుఁ జేర్పవలసినవాఁడు మఱియొకఁడు. పురపాలకసంఘమునకుఁ దన వీధిదీపములకే చాలని యేఁట, పరునికీయవలసిన సెస్సు పద్దు వెనుకఁబడుట మానవస్వభావమే.

ప్రభుత్వపు సరిపాలి యందును నొక చిక్కు కలదు. ఒక జిల్లాలోఁ బన్ను 1,28,000 రూపాయలనుకొందము. దానిపై సెస్సు 2,000. పట్టణములు లేక, పూరియిండ్ల పల్లెలే గల వేఱొక జిల్లాలోఁ బన్ను 12,800, సెస్సు 200. సరిపాలి చేరఁగా మొదటిదానికి 4,000, రెండవదానికి 400 రూపాయలు. రెండింటికిని నడుమ 1,800 రూపాయలుగా నున్న యంతరము సర్కారు సాయముచే 3,600 రూపాయలైనది. అక్షరాస్యత తక్కువై, గ్రంథాలయ మెక్కువగాఁ గావలసిన జిల్లా యీ లెక్కలో వెనుకఁబడుచున్నది. అట్లే సెస్సులో వసూలు కాని ప్రతి రూపాయియు సంస్థకు రెండు రూపాయల నష్టము. సాయము ప్రజల పూనికను బురికొల్పుటకై యుద్దేశింపఁబడినది కావచ్చును. కాని పూనిక చూపవలసినది సంస్థ కాక పన్నువసూలు చేయు నితరుఁడైనప్పుడు, పురికొల్పు చేరవలసినచోటికిఁ జేరదు. రంగనాథన్ గారివంటి గణితపండితులు మూలపురుషులుగా నున్న చట్టమున నీ లెక్క యిట్లు నిలుచుట వింత.

కార్యక్రమముల విషయము మఱియొక తీరుగాఁ బరిణమించినది. 1914 నాఁటి సంఘమున కవియే ప్రాణము. 1948 చట్టమున నుపన్యాసములు, తరగతులు నను నొక చిన్న వాక్యముగా నవి మిగిలినవి. చట్టము చేయవచ్చునన్నది, చేయవలయునన లేదు. అందులకై నిధిలో నింత భాగ మని చెప్పలేదు. జీతములు, అద్దెలు, పత్రికల వెలలు ముందుగాఁ దీర్పవలసినవి యగుటచే మిగిలినదానిపైఁ గార్యక్రమము లాధారపడెను. డైరెక్టరు పదవియు మదరాసునఁ బ్రత్యేకముగాఁ గాక విద్యాశాఖాధిపతికే యదనపు బాధ్యతగా నుండుటచే, బడుల భారముతో నలసిన కార్యాలయమునఁ బ్రణాళికల సమ్మతికిఁ జిక్కిన తీరిక స్వల్పము.

1953 అక్టోబరు 1వ తేదీన నాంధ్రరాష్ట్ర మేర్పడినను మదరాసు చట్టమే దానియందు నిలిచెను. హైదరాబాదు రాష్ట్రమున 1955లో వేఱొక గ్రంథాలయచట్టము వెలువడెను. 1956 నవంబరు 1వ తేదీన నాంధ్రప్రదేశ మవతరింపఁగా నొకే రాష్ట్రమున రెండు చట్టములు, రెండు తీరుల సంస్థలు నైనవి. వీనిని గలిపి చేసిన యాంధ్రప్రదేశ ప్రజాగ్రంథాలయచట్టము 1960 ఏప్రిలు 1వ తేదీనుండి నడచినది. గ్రంథాలయసంఘమునకుఁ జిరకాల మధ్యక్షులై, వయోజనవిద్యకై పాటుపడిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ఆ ఫిబ్రవరి 29వ తేదీననే పరమపదించిరి. చట్టము నడకను జూచుట వారికి లభింపలేదు. ఈ చట్టముచే గ్రంథాలయములకుఁ బ్రత్యేకశాఖయు, జిల్లాలకు జిల్లా గ్రంథాలయసంస్థలును, నగరమునకు నగర గ్రంథాలయసంస్థయు నేర్పడినవి. ప్రత్యేకశాఖ కలుగుట మదరాసుచట్టముకంటె నిక్కమైన మెఱుఁగు. సెస్సు కాలక్రమమున రూపాయికి 8 పైసల వఱకు వచ్చెను. నాఁటి కానీతోఁ బోల్చిన నిది యైదురెట్లకు మించినది. 1987 సవరణచే రాష్ట్రస్థాయిని గ్రంథాలయపరిషత్తు వచ్చెను. 2014 జూను 2వ తేదీన రాష్ట్రము విడిపోయిన పిదపఁ దెలంగాణము నా చట్టమునే తనదిగాఁ జేసికొనెను.

అంకె పెరిగినను వసూలుమార్గము మాఱలేదు. పన్ను రసీదులో గ్రంథాలయపు సెస్సు వేఱుగనే కానవచ్చును. ఇల్లుగలవాఁడు దానిని జెల్లించును. ఆ సొమ్ము స్థానికసంఘముల ఖజానాలో నేండ్లతరబడి నిలిచిపోవుట రెండు రాష్ట్రములలోను గ్రంథాలయసంస్థల చిరకాలపు మొఱ. అధ్యక్షపదవియు మఱియొక చింత. సంస్థాధ్యక్షుని ప్రభుత్వమే నామినేటు చేయుచుండుటచే, మంత్రివర్గము మాఱినప్పు డధ్యక్షులు మాఱుదురు. క్రొత్తవారు వచ్చు వఱకు జిల్లాధికారులలో నొకరు బాధ్యుఁడై సంతకములు చేయును. అధికారి లెక్కలు సరిగాఁ జూడవచ్చును గాని, ఏ పల్లెలో శాఖ తెఱవవలయును, ఏ శాఖ సాయంకాలమున కూలిజనము వచ్చు వేళకుఁ దెఱచియుండవలయును అనుటకు మూఁడునెలల కార్యభారము చాలదు. 1972లోఁ గలకత్తాలో స్థాపింపఁబడిన రాజా రామమోహన రాయి గ్రంథాలయసంస్థాపనము కేంద్రసాయముగాఁ బుస్తకములను, ధనమును నిచ్చుచుండుట మేలే. అందునుఁ గొంత సాయము రాష్ట్రము తనవంతు వేసినఁగాని రాదు; మరల నదే సరిపాలి.

నవంబరు 14 మొదలు వారము దినములు జరుగు గ్రంథాలయవారోత్సవములు 1919 నాఁటి మదరాసుసభకు జ్ఞాపకము. వ్యాసరచనలు, పుస్తకప్రదర్శనములు, బాలుర పోటీలు నప్పుడు ప్రతి జిల్లా కేంద్రగ్రంథాలయమునను జరుగును. పూర్వమేఁడు పొడుగున జరిగినవి యేడుదినములకుఁ గుదిసినవని కొందఱందురు. ఆ మాట పూర్తిగా న్యాయము కాదు. వేసవిలో బాలురకుఁ దరగతులు, పోటీపరీక్షల యభ్యర్థులకుఁ బఠనమందిరములు నేర్పఱచిన సంస్థలును గలవు. నేఁడు జిల్లా గ్రంథాలయములలో నుదయముననే వచ్చి కూర్చుండువారిలో నుద్యోగపరీక్షలకుఁ జదువు యువకులే మెండు. తమ పుస్తకములు తామే తెచ్చుకొని, నీడయు దీపమును బల్లయు మాత్రమే కోరు వీరిని పాఠకులుగా నెంచుటయా మానుటయా యన్నది నేఁటి పాలకవర్గముల ముందున్న విధానప్రశ్న. వారికై గదులు పెంచినచోఁ గథలు చదువు బాలునకును, పత్రికలు చూచు వృద్ధునకును జోటు తగ్గును. పెంచకున్న వారు మెట్లపైఁ గూర్చుందురు. ఏది చేయుటకైనను ధనము కావలయును.

చట్టపు గొడుగుక్రిందికిఁ బూర్తిగా రాక పాతపద్ధతిని నిలుపుకొన్న నిలయములును లేకపోలేదు. వేటపాలెములో 1918లో వెలసిన సారస్వతనికేతనము వానిలో మొదట నెన్నఁదగినది. దాని భవనమునకు 1929లో మహాత్మాగాంధి శంకుస్థాపన చేసిరి. ఊరి పెద్దలతోఁ గూడిన సంఘమే దానిని నడపుచు వచ్చినది. పాత పత్రికల సంపుటములను బారవేయక దాఁచుట యా సంఘము తొలినాఁడే చేసికొనిన నిర్ణయము. జిల్లాసంస్థ శాఖలలోఁ బత్రికలు కొంతకాలమునకుఁ దూకమున కమ్ముడుపోవుట మామూలు. వేటపాలెమునకు మాత్రము తెలుఁగుపత్రికల చరిత్ర వ్రాయఁబూనినవారు దూరదేశములనుండి వచ్చి, దినములతరబడి నిలిచి, యా సంపుటములు త్రిప్పి వ్రాసికొని పోవుచుందురు.